సెన్సర్‌ను మూసీలో ముంచకండి, నల్లా కింద పెట్టండి

నయాపూల్ మీద ఆగి కిందికి చూసినవాళ్లెవరూ మూసీ నీటిని పరీక్షకు పంపమని అడగరు. సగం సంగతి రంగు చెబుతుంది, సగం వాసన చెబుతుంది. మిగిలిందేమైనా ఉంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాబితాల్లో దొరుకుతుంది. వంతెనకు ఒకవైపు హైకోర్టు, సాలార్‌జంగ్ మ్యూజియం; రెండోవైపు ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్. మధ్యలో పారేది ఏమిటో ఈ నగరానికి బాగా తెలుసు. తెలియనిది వేరే ఉంది. ఆ రెండు ఒడ్ల వెనక ఉన్న గల్లీల్లో నల్లా తిప్పితే వచ్చే నీటిలో, అపార్ట్‌మెంటు బోరులో, బడి సంపులో సీసం ఎంత ఉందో ఆ నీళ్లు తాగేవాళ్లకు తెలియదు. అయినా కొత్త కొలత పరికరం ఏది వచ్చినా మన చూపు ముందు నది మీదికే పోతుంది. లోహ అయాన్లను పసిగట్టే డీఎన్ఏ సెన్సర్ల విషయంలోనూ అదే చేస్తే, ఒక మంచి పనిముట్టును తప్పు చోట వాడి, పనిచేయలేదని పారేసినవాళ్లమవుతాం. వాటి చోటు నది కాదు, నల్లా. ఇలా అనడానికి కారణం ఆ అణువు పనిచేసే తీరులోనే ఉంది.

హైదరాబాద్ వాళ్లకు డీఎన్ఏ కొత్త మాట కాదు. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పుణ్యమా అని అది కోర్టు వార్తల్లోకి, సినిమా కథల్లోకి ఎప్పుడో వచ్చేసింది. కానీ ఆ కథల్లో డీఎన్ఏ పని సమాచారాన్ని దాచిపెట్టడం వరకే. శరీరంలో రసాయన చర్యలు నడిపించే పని ప్రొటీన్లదేనని చాలాకాలం అనుకున్నారు. ఆర్ఎన్ఏ కూడా ఎంజైములా పనిచేయగలదని చూపినందుకు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ బహుమతి వచ్చింది. మరో అయిదేళ్లకు, 1994లో, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో రొనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ డీఎన్ఏ చేత కూడా ఆ పని చేయించారు. అలాంటి డీఎన్ఏ వాళ్లకు ఏ జీవిలోనూ దొరకలేదు, ఏరి తీశారు. ఒక్కొక్కటి ఒక్కో అక్షరక్రమం ఉన్న డీఎన్ఏ పోగులు, ఇంచుమించు కోటి కోట్లు, ఒక్క గొట్టంలో పోసి, సీసం అయాన్లు తగలగానే తెగిపోయే పోగులను మాత్రం పక్కకు తీసి, వాటి నకళ్లు పెంచి, మళ్లీ అదే పరీక్ష పెట్టారు. చేటలో చెరిగినట్టు, గట్టి గింజ మిగిలేదాకా. చివరికి మిగిలిన అణువు సీసం లేకపోతే ఊరకే ఉంటుంది, సీసం ఉంటే తన ఎదుటి పోగును కోసేస్తుంది. అప్పటికి వాళ్ల దృష్టిలో సీసం ఒక సహాయకారి మాత్రమే. నీటిలో విషాన్ని పట్టాలన్నది వాళ్ల లక్ష్యం కాదు.

ఆ ఆలోచన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యీ లూ బృందానిది. 2000 సంవత్సరంలో జింగ్ లీ, యీ లూ ప్రకటించిన సెన్సర్‌లో రెండు డీఎన్ఏ పోగులు జంటగా ఉంటాయి. ఒకటి కోసేది, రెండోది తెగేది. తెగే పోగులో ఒకే ఒక్క చోట డీఎన్ఏ అక్షరం బదులు ఆర్ఎన్ఏ అక్షరం పెడతారు, కోత పడేది అక్కడే. ఆ పోగు ఒక కొసన మెరిసే రంగు అణువు, దానికి దగ్గరగా ఆ మెరుపును మింగేసే మరో అణువు ఉంటాయి. సీసం అయాను వచ్చి కూర్చోగానే కోత పడి, ముక్క విడిపోయి, మింగేవాడు దూరమై, మెరుపు బయటపడుతుంది. మెరుపు ఎంత త్వరగా పెరిగితే సీసం అంత ఎక్కువన్నమాట. ఆ తొలి సెన్సరే లీటరు నీటిలో దాదాపు 2 మైక్రోగ్రాముల సీసాన్ని గుర్తించింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 సీసానికి పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే పాతికేళ్ల కిందటే పరిమితికి అయిదో వంతు దాకా చూడగలిగే చూపు వచ్చేసింది. 2003లో జువెన్ లియూ, యీ లూ అదే అణువుకు బంగారు నానో రేణువులు తగిలించి, సీసం ఉంటే నీలం ఎరుపయ్యేలా చేశారు. 2011లో యూ షియాంగ్, యీ లూ ఇంకో అడుగు వేసి, మధుమేహం ఉన్నవాళ్లు ఇంట్లో వాడుకునే గ్లూకోజ్ మీటరుతోనే యురేనియాన్ని కొలిచారు. లోహం తగిలి పోగు తెగినప్పుడు ఒక ఎంజైము విడుదలై చక్కెరను గ్లూకోజ్‌గా మారుస్తుంది, మీటరు చూసేది ఆ గ్లూకోజ్‌ను. పరికరం ఇప్పటికే వీధి చివర మందుల షాపులో ఉంది.

ఇంత బాగా పనిచేసేది మూసీలో ఎందుకు పనికిరాదు? మొదటి కారణం మురుగే. డ్రైనేజీ నీటిలో సీసం విడి అయానుగా తిరగదు. సల్ఫైడ్‌తో కలిసి అడుగున బురదలో చేరుతుంది, లేదా మట్టి రేణువులకు, కుళ్లిన పదార్థానికి అతుక్కుని ఉంటుంది. డీఎన్ఏ అణువుకు కనిపించేది విడి అయాను మాత్రమే. కాబట్టి విషం కుప్పలుగా ఉన్నచోట ఈ సెన్సర్ ఏమీ లేదని చెప్పే ప్రమాదం ఉంది. రెండో కారణం ఇంకా తమాషాగా ఉంటుంది. సూక్ష్మజీవులు కిటకిటలాడే నీటిలో ఆర్ఎన్ఏను నరికే ఎంజైములు సహజంగానే ఉంటాయి. మన సెన్సర్‌లో కోత పడాల్సిన చోట ఉన్నది ఆర్ఎన్ఏ అక్షరమే కదా. సీసం లేకపోయినా ఆ ఎంజైములు దాన్ని తెంపితే మెరుపు వస్తుంది. ఒకే నీటిలో ఉన్నదాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ చెప్పగల పరికరాన్ని నయాపూల్ స్తంభానికి కట్టి, అంకెలను డిజిటల్ బోర్డు మీద చూపించడం వల్ల ప్రారంభోత్సవానికి తప్ప ఎవరికీ లాభం లేదు. మూసీ బురదకు, ఆ నీటితో పెంచే పశుగ్రాసానికి, ఆకుకూరలకు నమూనాను ఆమ్లంలో పూర్తిగా కరిగించి చేసే ప్రయోగశాల పరీక్షే సరైనది. ఆ పరీక్షలు చేసే జాతీయ సంస్థలు మన నగరంలోనే ఉన్నాయి. ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ తార్నాక దారిలో, ఎన్‌జీఆర్ఐ ఉప్పల్ దారిలో ఉన్నాయి. కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో లోహాల గురించి ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఏనాడో అధ్యయనాలు చేశారు. నది సంగతి వాళ్లకు వదిలేద్దాం.

నల్లా కథ వేరు. అక్కడికి వచ్చే నీరు శుద్ధి చేసినది, క్లోరిన్ కలిపినది, మురుగుతో పోలిస్తే తేటది. సెన్సర్‌కు ఇబ్బంది తక్కువ. మనకు తెలియాల్సింది మాత్రం చాలా ఎక్కువ. శుద్ధి కేంద్రం దగ్గర సీసం లేని నీరు ఇంటికి చేరేలోపు దాన్ని మూటగట్టుకునే దారులు అనేకం: ఇత్తడి ట్యాపులు, పాత అతుకులు, చౌకరకం పీవీసీ గొట్టాలు. గొట్టాల తయారీలో పీవీసీ వేడికి చెడిపోకుండా కలిపే సీసపు పదార్థాలను అదుపు చేసే నిబంధనలు కేంద్రం 2021లో మాత్రమే తెచ్చింది. అంతకుముందు గోడల్లో పూడ్చిన గొట్టాలను ఎవరూ తవ్వి తీయరు. ఇంటికి ఇల్లు వేరు, ఒకే ఇంట్లో పైఅంతస్తుకు కింది అంతస్తు వేరు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీరు వేరు, పది నిమిషాలు వదిలాక వచ్చే నీరు వేరు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో జరిగింది ఇదే. అధికారిక నమూనాలు అంతా బాగుందన్నప్పుడు, 2015లో వర్జీనియా టెక్ శాస్త్రవేత్తలు ఇళ్లకు సీసాలు పంపి, దాదాపు 270 ఇళ్లవాళ్లు పట్టి ఇచ్చిన నీటిని పరీక్షించాకే అసలు సంగతి బయటపడింది. అక్కడి సీసపు గొట్టాల కథ పాతబస్తీకి ఉన్నదున్నట్టుగా వర్తించదు. ఎన్ని ఇళ్లలో కొలిచామన్నదే తీర్పును మార్చిందన్న సంగతి మాత్రం వర్తిస్తుంది.

మన దగ్గర నీటి పరీక్ష అంటే ముందు గుర్తొచ్చేది క్రిములు. దానికి న్యాయమైన కారణమే ఉంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి ప్రాణాలు పోయాయి. క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూసే పరీక్ష ఇంటి నల్లా దగ్గరే నిమిషంలో చేయగలుగుతున్నాం. సీసం అలా వారంలో చంపదు. పిల్లల మెదడు ఎదుగుదలను కొద్దికొద్దిగా తగ్గిస్తుంది, అదీ జ్వరం లేకుండా, వాంతి లేకుండా. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం భారతదేశంలో దాదాపు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటి ఉంది. అదంతా నీటి నుంచే వచ్చిందని కాదు. పాత బ్యాటరీలు కరిగించే కొలిమి పొగ, గోడ రంగులు, గిన్నెల కళాయిలో తగరంతో పాటు కలిసే సీసం, కొన్ని రకాల సుర్మా, ఇలా దారులు చాలా ఉన్నాయి. కానీ ఏ దారి నుంచి ఎంత వస్తోందో తేల్చాలంటే ముందు నీటి వాటా తెలియాలి. అదే అన్నిటికన్నా తేలిక.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోవడం కుదరదు. 2000 నాటి సెన్సర్‌లో వాడిన అణువు పేరు 8-17. దానికి సీసం అంటే ఎక్కువ ఇష్టమే గాని, జింకు కూడా దాన్ని కదిలిస్తుంది. ఇతర లోహాలతో పోలిస్తే సీసానికి 80 రెట్లు ఎక్కువగా స్పందిస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లే రాశారు. వినడానికి అది చాలానే. కానీ పాత ఇళ్లలో ఇప్పటికీ ఉన్నవి జింకు పూత పూసిన జీఐ పైపులు. తాగునీటిలో జింకు లీటరుకు 5 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని అదే ఐఎస్ 10500 చెబుతోంది. అది సీసం పరిమితికి 500 రెట్లు. అంటే పత్రికలో అచ్చయిన సెన్సర్‌ను ఉన్నపళంగా పత్తర్‌గట్టీ గల్లీలోకి తెస్తే అది జింకును చూసి సీసమని అరిచే అవకాశం లేకపోలేదు. దీనికి జవాబు కూడా ఆ ప్రయోగశాలలోనే దొరికింది. 2010లో యీ లూ బృందం మళ్లీ వెనక్కి వెళ్లి, బ్రేకర్, జాయిస్ 1994లో ఏరిన మొట్టమొదటి అణువునే తీసుకుని సెన్సర్ చేసింది. జీఆర్-5 అనే ఆ అణువు సీసాన్ని గుర్తుపట్టడంలో 8-17 కన్నా ఎంతో నిక్కచ్చి అని తేలింది. కాబట్టి ఏ అణువు వాడుతున్నామన్నది కొనుగోలు అధికారికి వదిలేసే వివరం కాదు. టెండరు పత్రంలో ఒక షరతు ఉండాలి: జింకు, ఇనుము, గాఢమైన కాల్షియం ఉన్న హైదరాబాద్ బోరు నీటిలో, తెలిసిన మోతాదులో సీసం కలిపి చూపించాలి. అలాగే నల్లా నీటిలోనూ సీసం కొంత రేణువుల రూపంలో రావచ్చు కనుక ముందు కొంచెం ఆమ్లం వేసి కరిగించి, తర్వాత క్షారంతో సరిచేసే పని ఇక్కడా తప్పదు. అది కిట్‌లో రెండు చిన్న సీసాల పని.

ఈ శాస్త్రం మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే. పాతికేళ్లుగా ఈ సెన్సర్ల మీద పరిశోధనా పత్రాలు వరదలా వచ్చాయి. బజారులోకి వచ్చిన పరికరాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. యీ లూ స్థాపించిన ఆండలైజ్ అనే కంపెనీ సీసం, యురేనియం, రాగి, పాదరసం వంటివాటికి చేతిలో పట్టే పరికరాలు తెచ్చింది, అంతే అనుకోవచ్చు. కారణం ఊహించడం కష్టం కాదు. ముందువాళ్లకన్నా పది రెట్లు తక్కువ మోతాదును పట్టామని చెబితే పత్రం అచ్చవుతుంది. వెయ్యి ఇళ్ల నల్లాల్లో పెట్టి, ప్రయోగశాల ఫలితంతో పోల్చి, ఎన్నిసార్లు తప్పిందో చెబితే అంత గౌరవం దక్కదు. పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములైనప్పుడు అందులో వెయ్యో వంతు కొలిచే పోటీ ఎవరి కోసం?

ఇంకొందరు అడిగే ప్రశ్న ఇది: ప్రయోగశాలలోని ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఒక్కటి రోజుకు వందల నమూనాలు చూస్తుంది, డజన్ల లోహాలను ఒకేసారి చెబుతుంది, ఇళ్ల నుంచి సీసాలు సేకరించి అక్కడికే పంపితే పోదా? యంత్రం సత్తాలో సందేహం లేదు, చివరి మాట దానిదే కావాలి. కానీ నల్లా రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వచ్చే నగరంలో, సీసం ఎక్కువుందని తేలితే అప్పటికప్పుడే ఇంకో ట్యాపు, పక్కింటి ట్యాపు, మీటరు దగ్గరి నీరు చూసి తప్పు ఎక్కడుందో పట్టాలి. నీళ్లు ఆగాక, పది రోజులకు వచ్చే కాగితంతో ఆ పని జరగదు. పైగా సంక్షోభం వచ్చాక మొదలుపెట్టే కొలతలు ఎంత తికమక పెడతాయో ఏలూరు చూపించింది. 2020 డిసెంబరులో అక్కడ వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందు అవశేషాలను చూపింది. ఆ సీసం ఆ వారంలో ఒంట్లోకి చేరిందా, ఏళ్లుగా ఉన్నదేనా అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాలంటే, అంతకుముందటి ఏడాది అదే వీధుల నీటిలో ఎంత ఉందో చెప్పే లెక్కలు చేతిలో ఉండాలి. అలాంటి లెక్కలను కూడబెట్టేది ప్రతి ఇంటికీ చేరగల చౌక పరీక్ష మాత్రమే.

చౌక పరీక్ష తప్పులు చేస్తుంది కదా అంటే, చేస్తుంది. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ సమస్యకు 2000కు అటూ ఇటూ సంవత్సరాల్లో దాదాపు 50 లక్షల గొట్టపు బావులను ఊళ్లలోనే కిట్లతో పరీక్షించారు. 14 లక్షలకు పైగా బావులకు ఎర్రరంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేశారు. పరిమితికి దగ్గరగా ఉన్నచోట ఆ కిట్లు చాలా బావులను తప్పుగా లెక్కకట్టాయని తర్వాత తేలింది. అయినా రంగు చూసి ఎందరో పక్క బావికి మారారు. పూర్తి కచ్చితత్వం కోసం ఆగి ఉంటే ఆ ఏళ్లన్నీ అదే నీళ్లు తాగేవాళ్లు. ఇది మనకూ తెలియని పాఠం కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే గుర్తించారు, నల్లగొండలో వంకర తిరిగిన ఎముకలను దేశమంతా చూసింది. ఇప్పుడు జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి చేయిస్తున్న కిట్ పరీక్షల్లో ఫ్లోరైడ్ ఉంది. రంగు మారితే చాలు, ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు. సీసానికి, యురేనియానికి అలాంటి సులువు ఇప్పటిదాకా లేదు. ఆ ఖాళీని పూరించగలగడమే డీఎన్ఏ సెన్సర్ గొప్ప.

మరి దాని ఫలితానికి విలువ ఏమిటి? 1974 నాటి జల కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య మండలి నమూనా తీయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, ఎదుటివారి సమక్షంలో రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, సంతకాలు తీసుకోవాలి. లేకపోతే కోర్టులో నిలవదు. ఇంట్లో వెలిగిన మెరుపు నయాపూల్ పక్కనున్న హైకోర్టులో సాక్ష్యంగా చెల్లదన్నమాట. చెల్లాల్సిన అవసరం కూడా లేదు. ఫీల్డ్ పరీక్షలో పరిమితి దాటిన ఇంటికి పదిహేను రోజుల్లో, నగరానికి నీళ్లిచ్చే జలమండలి వచ్చి, ప్రయోగశాల నమూనా తీసుకుని, ఫలితాన్ని ఆ ఇంటివాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలన్న ఒక్క నిబంధన ఉంటే చాలు. జనం భయపడిపోతారని అధికారులు అంటారు. గుడ్డి పుకారు కన్నా నిర్ధారణ గడువు ఉన్న అంకె ఎక్కువ భయం ఎలా పుట్టిస్తుందో వాళ్లే చెప్పాలి.

యురేనియం మాట కూడా ఇక్కడే. కడప జిల్లా తుమ్మలపల్లి గని చుట్టుపక్కల రైతులు తమ బోర్లు చెడిపోయాయని ఏళ్లుగా చెబుతున్నారు, గని సంస్థ కాదంటోంది. 2007లో లియూ, లూ బృందం ప్రకటించిన యురేనియం సెన్సర్ లీటరుకు 0.011 మైక్రోగ్రాముల దాకా చూసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి 30. ఇతర లోహాలతో పోలిస్తే యురేనియానికి పది లక్షల రెట్లకు పైగా ఎక్కువ స్పందించింది కనుక జింకు చిక్కు అక్కడ అంతగా లేదు. రైతు చేతిలోనూ కంపెనీ చేతిలోనూ ఒకే పరికరం ఉండి, ప్రతి బోరులో ప్రతి నెలా చూస్తే ఎవరి మాట నిజమో తేలడానికి కమిటీలు వేయక్కర్లేదు.

పాతబస్తీలో మాత్రం యురేనియంతో పనిలేదు, సీసంతో మొదలుపెడితే చాలు. బేగంబజార్ నుంచి చార్మినార్ దాకా ఉన్న ప్రభుత్వ బడులు, అంగన్‌వాడీలు, బస్తీ దవాఖానాలలో తాగే నీళ్ల ట్యాపులు మొదటి విడత. ఉదయాన్నే పట్టిన నీరు ఒకటి, కాసేపు వదిలాక పట్టినది ఒకటి. ప్రతి పదో నమూనా ఐఐసీటీ లాంటి చోటికి వెళ్లాలి. డీఎన్ఏ పోగులను కోరిన వరసలో అల్లి ఇచ్చే సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి కాబట్టి ముడిసరుకు కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు. ఏడాది తర్వాత రెండు వరసల ఫలితాలనూ పక్కపక్కన అచ్చువేయాలి. ప్రయోగశాల ప్రమాదమన్న ట్యాపుల్లో నూటికి అయిదుకు మించి సెన్సర్ వదిలేసిందని తేలితే దాన్ని మానేయాలి. విద్యుత్తుతో సీసాన్ని కొలిచే చేతి పరికరాలు వేరే ఉన్నాయి, అవి కొనుక్కోవచ్చు. ట్యాపుల జాబితా, నమూనా పట్టే పద్ధతి, పదిహేను రోజుల గడువు వాటికీ పనికొస్తాయి.